ఒంటికి పట్టే మందు

ఛందస్సు గురించో, పాత శతకాల గురించో ఏదో రాసి ఉంటాననుకొని ఈ పుట తెరిచిన మిత్రులు ఈ ఒక్కసారికి ఓర్చుకోవాలి. ఈ టపా పొలానికి సంబంధించినది. అయినా తెలుగు పండితుడికి అలవాటు తప్పదు గనుక ఒక మాట దగ్గర మొదలుపెడతాను.

ఆ మాట "మందు". మనకు మందంటే ముందుగా ఔషధం. దగ్గుమందు దగ్గును పోగొడుతుంది, జ్వరం మందు జ్వరాన్ని పోగొడుతుంది, పురుగుమందు పురుగును పోగొడుతుంది. సమాసాల పోకడ ఒకటే గనుక వినేవాడికి ఈ మూడు సీసాలూ ఒకే అలమరలోవిగా తోస్తాయి. పంటకు జబ్బు చేసింది, మందు కొట్టాలి అంటాం. విషం చల్లాలి అని ఏ రైతూ అనడు. "వాడు మందు తాగాడు" అన్నప్పుడు మాత్రం, చెప్పేవాడి గొంతును బట్టి, ఆ మాటలోని విషం బయటపడుతుంది. అంటే మన భాష పురుగుమందును విషంగా గుర్తించేది అది నోటిలోకి వెళ్ళినప్పుడే. చేతికి అంటితే, వీపు తడిస్తే, పంచె నానితే అది మళ్ళీ వట్టి మందే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే: చేలో మందు కొట్టేవాడికి అసలు ప్రమాదం ఎక్కువగా చర్మం గుండా వస్తుంది. దాన్ని కొలిచే పద్ధతులు శాస్త్రంలో అరవై ఏళ్ళుగా ఉన్నాయి. ఆ కొలతల్లోకి మన పల్లెటూరి మనిషి ఒళ్ళు మాత్రం ఇంకా సరిగా ఎక్కలేదు.

చర్మం తాగుతుందన్న సంగతి మనకు తెలియనిది కాదు. తలకు నూనె పెట్టి "బాగా ఇంకనీ" అంటారు పెద్దలు. పసిబిడ్డకు నూనె పట్టిస్తే ఒంటికి పట్టిందంటారు. బెణికితే పట్టు వేస్తారు, గడ్డ లేస్తే ఆకు వెచ్చచేసి కడతారు. సుశ్రుతసంహిత కల్పస్థానంలో రాజుకు విషప్రయోగం జరిగే మార్గాలను వరుసగా చెబుతూ, అన్నపానాలతో పాటు అభ్యంగన తైలం, స్నానజలం, మైపూత, వస్త్రం, పూలమాల, పాదరక్షలు కూడా లెక్కించారు. రాజు ఒంటికి తగిలే ప్రతి వస్తువునూ పరీక్షించాలని ఆనాటి వైద్యుడికి తెలుసు. ఈనాడు పొగతాగడం మాన్పించడానికి భుజం మీద అంటించే నికోటిన్ పట్టీ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది.

ఆ నికోటిన్ ఒకప్పుడు పురుగుమందే. మంచుతో తడిసిన పొగాకు ఆకులు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు రావడం గమనించి 1970లో ఫ్లోరిడా వైద్యులు దాన్ని ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. ఆకుమీది తడిలో కరిగిన నికోటిన్ చర్మం గుండా రక్తంలోకి చేరడమే దానికి కారణం. పొగాకు పండించే మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపడరు. పచ్చాకు పనిలో ఒళ్ళు తిప్పడం వారికి కొత్త కాదు. ఆకులో పుట్టిన విషమే చర్మం గుండా పోగలిగినప్పుడు, పురుగు పైపొరను దాటి లోపలికి పోయేటట్లు ప్రత్యేకంగా తయారుచేసిన రసాయనం మనిషి చర్మం దగ్గర ఆగుతుందని ఎలా నమ్మగలం? పైగా నీళ్ళలో పోయగానే పాలలాగా తెల్లబడే మందులుంటాయి చూడండి, వాటిలో విషాన్ని కరిగించి ఉంచేది నూనెజాతి ద్రావకం. చర్మపు పైపొర కూడా కొవ్వుతో అల్లిన గోడే. ఆ రెండింటికీ స్నేహం ఎక్కువ.

ఇక కొలతల సంగతి. ఏ విషానికైనా ప్రమాదం అంచనా కట్టాలంటే రెండు తెలియాలి. అది ఎంత తీవ్రమైనది? మనిషికి ఎంత తగులుతోంది? మొదటిదానికి మన చట్టం ఒక గుర్తు పెట్టింది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమావళి ప్రకారం, సీసా మీది చీటీలో కనీసం పదహారో వంతు మేర వజ్రాకారపు గుర్తు ఉండాలి. దాని కింది త్రిభుజానికి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగులు. ఎలుకలవంటి ప్రయోగజంతువులలో సగం చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు కావాలో చూసి రంగు నిర్ణయిస్తారు. నోటిద్వారా అయితే 50 లోపు, చర్మం ద్వారా అయితే 200 లోపు ఉన్నవి ఎరుపు. చర్మం లెక్కన 201 నుంచి 2000 వరకు పసుపు, 2001 నుంచి 20000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ.

చూశారా, చర్మం లెక్క చట్టంలోనే ఉంది. కాని ఆ గుర్తు ఊళ్ళోకి వచ్చేసరికి దాని అర్థం తిరగబడింది. ఎరుపు ముక్కోణం ఉంటే మందు "గట్టిది" అని మెచ్చుకొని కొన్నవారిని మా పల్నాటిలో నేనెరుగుదును. రంగుకు హెచ్చరికగా ఉన్న విలువ పోయి, నాణ్యతకు ముద్రగా మారింది. అదీగాక ఆ కొలత చావును మాత్రమే కొలుస్తుంది. అదీ ఒక్కసారి తగిలితే వచ్చే చావును. పది రోజులు వరసగా కొద్దికొద్దిగా తగిలితే ఏమవుతుందో, రెండు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొడితే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ప్రయోగశాలలోని ఎలుక ఎర్రటి ఎండలో చెమటోడుస్తూ, కంపముళ్ళు గీరిన కాళ్ళతో పత్తిచేలో నడవదు కదా!

రెండో ప్రశ్న, ఎంత తగులుతోందన్నది, చాలాకాలం ఊహగానే ఉండిపోయింది. 1962లో డర్హమ్, వుల్ఫ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక పద్ధతిని వివరించారు. మందు కొట్టేవాడి ఒంటిమీద అక్కడక్కడ పీల్చే గుణం గల అట్టముక్కలు అంటించి, పని ముగిశాక వాటిలో ఎంత విషం చేరిందో తీసి చూడటం. చేతులను కడిగిన ద్రవంలో ఎంత ఉందో కొలవడం. ముక్కుకు కట్టిన వడపోతలో ఎంత చిక్కిందో పోల్చడం. ఇటువంటి కొలతలు మళ్ళీ మళ్ళీ తేల్చిన సంగతి ఒకటే. ఊపిరితో లోపలికి పోయేదానికన్నా చర్మం మీద పడేది ఎన్నో రెట్లు ఎక్కువ. మనవాళ్ళు జాగ్రత్త అనగానే ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటారు. తక్కువ విషం వచ్చే తలుపుకు తాళం వేసి, పెద్ద దర్వాజా బార్లా తెరిచి ఉంచడమన్నమాట. ఆ తువ్వాలు తడిసిందంటే పెదవులకు, బుగ్గలకు విషపు పట్టు వేసినట్లే.

చర్మం ఒళ్ళంతా ఒకటి కాదు. 1971లో కాలిఫోర్నియాలో మైబాక్ బృందం, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషుల చర్మం మీద గుర్తుపట్టగలిగేలా తయారుచేసిన పారాథియాన్‌ను స్వల్పంగా పూసి, ఎంత భాగం లోపలికి పోయిందో లెక్కించింది. ముంజేతి మీద నూటికి 8.6 వంతులు. అరచేతిలో 11.8. చేతి వెనుకభాగంలో 21. పొట్ట మీద 18.4. నెత్తిమీద 32. నుదుటి మీద 36. చంకలో 64. వృషణాల చర్మం మీద దాదాపు నూటికి నూరు. ఈ అంకెలను మన చేలోకి తెచ్చి చూడండి. వీపుకు తగిలించుకున్న ట్యాంకు కారుతుంది. కారింది వీపు వెంట దిగి నడుము దగ్గర లుంగీలోకి, అక్కడి నుంచి గజ్జల్లోకి చేరుతుంది. ఎదుట కొట్టిన మొక్కల మధ్యనుంచే ముందుకు నడుస్తాడు గనుక తొడలు తడుస్తాయి. అంటే ఒంట్లో ఎక్కువగా పీల్చుకొనే చోటే ఎక్కువసేపు తడిగా ఉంటుంది. అరచేతులకు తొడుగులు పంచి రక్షణ కల్పించామని చెప్పుకొనేవారు ఈ జాబితాను ఒకసారి చదవాలి.

అన్ని మందులూ ఒకే తీరుగా ఇంకవు. 1974లో ప్రకటించిన మరో పరిశీలనలో అదే ముంజేతి మీద కార్బరిల్ నూటికి 70 వంతులకు పైగా ఇంకింది. డైక్వాట్ అర వంతు కూడా ఇంకలేదు. కాబట్టి "చర్మానికి తగిలితే ఏమీ కాదు" అన్నదీ, "ఏది తగిలినా చచ్చిపోతాం" అన్నదీ రెండూ తప్పే. ఏ మందు, ఎంత చిక్కన, ఒంట్లో ఎక్కడ, ఎంతసేపు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వస్తేగాని అంచనా పూర్తికాదు.

ఎంత చిక్కన అన్న ప్రశ్నకు ఒక చిన్న లెక్క చేద్దాం. తెలుగువాడిని లెక్కలు చేయమంటే భయమెందుకు? ఎక్కాలు వస్తే చాలు. మన పత్తిచేలలో దశాబ్దాల పాటు రాజ్యమేలిన మోనోక్రోటోఫాస్‌ను తీసుకుందాం. దాని 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ కేంద్రప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. అందరికీ తెలిసిన పేరు గనుక ఉదాహరణగా తీసుకుంటున్నాను. 36 శాతమంటే ఒక మిల్లీలీటరులో 360 మిల్లీగ్రాముల విషం. లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు కలపాలన్నది వాడుకలో ఉన్న మోతాదు. అలా కలిపిన నీటిలో మిల్లీలీటరుకు ఉండేది 0.576 మిల్లీగ్రాములు. 360ని 0.576తో భాగించండి. 625 వస్తుంది. అంటే సీసాలోని మందు ఒక్క మిల్లీలీటరు చేతిమీద పడటం, కలిపిన మందునీళ్ళు 625 మిల్లీలీటర్లు, ముప్పాతిక సీసాకు కొంచెం తక్కువగా, ఒంటిమీద కుమ్మరించుకోవడంతో సమానం.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. ఆ ఒక్క మిల్లీలీటరులో పదోవంతే ఇంకిందనుకొంటే లోపలికి పోయేది 36 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి పంచితే కిలోకు 0.6 మిల్లీగ్రాము. మోనోక్రోటోఫాస్ ఒకరోజులో శరీరంలోకి చేరినా హాని ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 1995లో కట్టిన హద్దు కిలోకు 0.002 మిల్లీగ్రాము. మన లెక్క దానికి 300 రెట్లు. టీచెంచాలో ఐదోవంతు మందు ఇంత పని చేస్తుంది! పలుచటి ద్రావణంలోని విషం శాతం లెక్కన కొంచెం ఎక్కువగానే ఇంకుతుందని శాస్త్రం చెబుతుంది. ప్రయోగఫలితాలు లేనప్పుడు చిక్కటి మందుకు 25 శాతం, పలుచని దానికి 75 శాతం ఇంకుతుందని అనుకోవాలని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో సూచించింది. ఆ మూడు రెట్ల తేడాను లెక్కలో కలిపినా 625 ముందు అది నిలవదు.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: ఆ సీసా మూత తీసేది ఎవరు? మూతతోనే కొలిచేది ఎవరు? కట్టెపుల్ల దొరకకపోతే చేత్తోనే బకెట్టు కలిపేది ఎవరు? చాలా ఇళ్ళలో ఆ పని ఇల్లాలిది. మగవాడు ట్యాంకు మోస్తాడు, ఆమె నీళ్ళు తెచ్చి మందు కలిపి ట్యాంకు నింపుతుంది. సాయంత్రం అతని తడిబట్టలు ఉతికేదీ ఆమే. మందు కొట్టింది మగవాడు అని మనం చెప్పుకొనే కథలో ఆమె కనపడదు. ఆంధ్రప్రదేశ్ పత్తి గ్రామాలు మూడింటిలో 2003లో జరిపి, మాన్చినీ తదితరులు 2005లో ప్రకటించిన అధ్యయనంలో ఆమె కనపడింది. రైతుకుటుంబాల స్త్రీలే తమ ఇంటివారి లక్షణాలను పనిదినాల వారీగా నమోదు చేశారు. 323 సందర్భాలు నమోదైతే నూటికి 83.6 వంతుల్లో ఏదో ఒక విషలక్షణం ఉంది. మందు కలిపి ట్యాంకులు నింపే స్త్రీలు కూడా కొట్టే పురుషులంత ప్రమాదంలోనే ఉన్నారని తేలింది. నూటికి ఆరు సందర్భాల్లో నాడీలక్షణాలు చాలా తీవ్రంగా ఉన్నాయి. అయినా ఒక్కరూ వైద్యుడి దగ్గరకు వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదు? ఇక్కడే చర్మవిషం మోసం ఉంది. సైపర్‌మెత్రిన్ వంటి మందులు ముఖానికి తగిలితే మంట పుడుతుంది, చీమలు పాకినట్లుంటుంది. ఆ మంటను చూసి రైతు జాగ్రత్తపడతాడు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు చాలావరకు చర్మం మీద మంట పుట్టించవు. నిశ్శబ్దంగా లోపలికి పోయి, నరాలు పని ముగించుకొని విశ్రాంతి తీసుకోవడానికి కావలసిన కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టిపడేస్తాయి. తలనొప్పి, చెమట, నోట్లో నీరూరడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం దాని ఫలితం. ఇందులో తలనొప్పి, చెమట ఎండలో పనిచేసినా వస్తాయి. కాబట్టి "ఎండదెబ్బ కొట్టింది, మజ్జిగ తాగి పడుకో" అంటారు. తగ్గిన ఎంజైము మళ్ళీ నిండడానికి వారాలు పడుతుంది. ఈలోగా మరో కోటా మందు కొడితే, పోయినసారి ఏమీ చేయని మోతాదే ఈసారి పడగొడుతుంది. "ఏం కాదులెండి మాస్టారూ, ఇరవై ఏళ్ళుగా కొడుతూనే ఉన్నాను" అని చెప్పే మనిషికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పలేదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. రక్తపరీక్ష చేస్తే కోలినెస్టరేజ్ ఎంత తగ్గిందో తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 1974 నుంచి, ఈ జాతి మందులతో తరచుగా పనిచేసే కూలీలకు ముందుగా ఒక కొలత తీసి, తరువాత మధ్యమధ్య పరీక్షించే నియమం ఉంది. ఎర్రకణాలలోని ఎంజైము మొదటి కొలతలో 70 శాతానికి పడిపోతే ఆ మనిషిని ఆ పని నుంచి తప్పించాలి; 80 శాతానికి తేరుకున్నాకే మళ్ళీ పనిలోకి తీసుకోవాలి. మనకూ ఇటువంటిది రాతలో ఉంది. 1971 నియమావళిలోని 37వ నియమం, పురుగుమందులతో పనిచేసేవారికి వైద్యపరీక్షలు జరగాలనీ, ఆర్గానోఫాస్ఫేట్లతో పనిచేసేవారికి నెలకొకసారి కోలినెస్టరేజ్ కొలవాలనీ చెబుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా పత్తి, మిరప పండే ఊళ్ళలో పాఠాలు చెప్పాను. ట్యాంకు లెక్కన కూలికి మందు కొట్టే మనిషి ఒక్కడికైనా ఈ పరీక్ష జరిగిందని నేను వినలేదు. పరీక్ష చేయించవలసిన యజమాని ఎవరని అడిగితే, ఈరోజు ఒకరు, రేపు మరొకరు.

లెక్కించని ప్రమాదం లేనట్లే చెలామణి అవుతుంది. వరంగల్లు ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషంతో చేరిన 8040 మంది గురించి వైద్యులు ప్రకటించిన లెక్క ఉంది. వారిలో నూటికి 22.6 మంది దక్కలేదు. ఆ దుఃఖం మీద ఎంత రాసినా తక్కువే. అయితే అది ప్రధానంగా నోటిద్వారా పోయిన విషం. చేలో తడిసి, ఇంట్లో వాంతి చేసుకొని, మర్నాడు మళ్ళీ ట్యాంకు ఎత్తుకొన్నవాడు ఏ రిజిస్టరులోకీ ఎక్కడు.

వాడు అందరి కంటా పడిన సంవత్సరం 2017. మన ఆదిలాబాదు సరిహద్దు దాటగానే వచ్చే మహారాష్ట్ర యవత్‌మాళ్ జిల్లాలో ఆ పత్తి కాలంలో మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా మరణించారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తుకు మించి పెరిగింది. తలపైకి కొట్టిన మందు తుంపరలై తిరిగి తలమీదనే, ముఖం మీదనే పడింది. పైన చెప్పిన జాబితాలో నెత్తికీ నుదుటికీ ఉన్న అంకెలు గుర్తుచేసుకోండి. ఆపైన రకరకాల మందులను కలిపి కొట్టడం ఒకటి. ఇంత జరిగాక గట్టిగా వినిపించిన మాట, రైతులు రక్షణ దుస్తులు వేసుకోలేదని.

ఈ మాట దగ్గరే నాకు పెద్ద పేచీ. ఎండాకాలం వెళ్ళీవెళ్ళని ఉక్కలో ప్లాస్టిక్కు అంగీ, రబ్బరు తొడుగులు, మోకాలి బూట్లు, కళ్ళద్దాలు వేసుకొని 16 లీటర్ల ట్యాంకు మోస్తూ నాలుగు గంటలు నల్లరేగడి బురదలో నడిచి చూడమనండి, ఆ సలహా ఇచ్చేవారిని. విషం కన్నా ముందు వడదెబ్బ పడగొడుతుంది. ఈ సంగతి పెద్ద సంస్థలకు తెలియనిదీ కాదు. ఆహార వ్యవసాయ సంస్థ 1985లో ఆమోదించిన అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళిలోనే, అసౌకర్యమైన, ఖరీదైన, సులభంగా దొరకని రక్షణ సామగ్రి లేకుండా వాడటానికి వీలులేని మందులను వేడి దేశాలలోని చిన్నరైతుల విషయంలో మానుకోవాలన్న భావం ఉంది. తరువాతి సవరణలలోనూ అది నిలిచింది. అంటే వేసుకోలేని బట్టలు కావలసిన మందు ఆ ఊరికి తగని మందు. తప్పు బట్టలు వేసుకోనివాడిది కాదు, అటువంటి మందును వాడిముందు పెట్టిన ఏర్పాటుది. ప్రమాదపు అంచనా అక్కడ మొదలుకావాలి. చేతితొడుగులు, బూట్లు ఉన్నాయని అనుకొని లెక్కవేసి "క్షేమం" అని తేల్చితే, అది కాగితం మీది మనిషికి క్షేమం.

మంచి ప్రయత్నాలు లేవని అనను. 2024 డిసెంబరులో కేంద్రమంత్రి ఆవిష్కరించిన "కిసాన్ కవచ్" వాటిలో ఒకటి. బెంగుళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధకులు తయారుచేసిన ఈ నూలుబట్ట, తనకు తగిలిన ఆర్గానోఫాస్ఫేట్ వంటి మందును రసాయనికంగా విరగ్గొడుతుంది. గాలి ఆడే బట్ట గనుక మన ఎండకు తగినది. వెల సుమారు 4,000 రూపాయలని, 150 ఉతుకుల వరకు పనిచేస్తుందని ప్రకటించారు. చాలా సంతోషం. కాని ఆ నాలుగు వేలు ఎవరు పెట్టాలి? సొంత పొలం లేని కూలీ పెట్టలేడు. ఒక్కరోజు పనికి పిలిచిన రైతు పెట్టడు. పంచాయతీ దగ్గరో, రైతుసేవా కేంద్రంలోనో అద్దెకో ఉచితానికో దొరికేలా చేసి, ఇంటికి ఒకటి కాక రెండు, కలిపే ఆమెకు కూడా ఒకటి ఇస్తే అప్పుడది కవచమవుతుంది.

"మందు లేకపోతే పంట ఎలా మాస్టారూ?" అని అడిగే హక్కు రైతుకుంది. 2021లో మిరప మీద కొత్తరకం తామరపురుగు దండెత్తినప్పుడు మావైపు రైతులు పడిన వేదన చూశాను. పూత రాలిపోతుంటే, అప్పు తలమీద ఉంటే, ఎవడైనా ఏ సీసా ఇస్తే అది కొడతాడు. వాడికి నీతులు చెప్పే అధికారం పింఛను తీసుకొనే నాకు లేదు. అయితే ఇదే తెలుగునేలమీద అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2000 తరువాతి తొలి సంవత్సరాల్లోనే రసాయన పురుగుమందులు వాడబోమని పంచాయతీగా ప్రకటించుకొంది. వేపగింజల కషాయం, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు వాడుతూ పత్తి పండించింది. ఆ అనుభవం తరువాత చాలా ఊళ్ళకు పాకింది. ప్రతి ఊరూ రేపే పునుకుల అవుతుందని నేను చెప్పను. కాని ఎరుపు ముక్కోణపు మందులు లేకపోతే సేద్యమే లేదన్న వాదం మాత్రం అక్కడ ఓడిపోయింది.

ఇక నా కోరికలు. ఒకటి: ఆర్గానోఫాస్ఫేట్లు వాడే ప్రాంతాలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మందుల కాలానికి ముందొకసారి, మధ్యలో ఒకసారి కోలినెస్టరేజ్ పరీక్ష జరగాలి. రెండు: మూత తీసి కొలవవలసిన పనిలేకుండా, ఒక ట్యాంకుకు ఒక పొట్లం చొప్పున నీటిలో కరిగే సంచులలో మందు రావాలి; డ్రోన్లతో కొట్టే కాలం వచ్చినా సీసా మూత తీసేది మనిషి చెయ్యే గనుక ఈ అవసరం తీరలేదు. మూడు: చీటీమీది తెలుగు తెలుగుగా ఉండాలి. భూతద్దం పెట్టి చదివితే "త్వచాసంపర్కము నివారింపుడు" వంటి వాక్యం ఎదురైతే నాబోటి పండితుడికే మింగుడుపడదు. "ఒంటికి తగిలినా విషమే. తడిసిన బట్ట వెంటనే విప్పి సబ్బుతో స్నానం చెయ్యండి" అని వేలెడు అక్షరాలతో వేస్తే ఏ నిఘంటువూ అక్కరలేదు. పంతొమ్మిది భాషల్లో నలుసంత అక్షరాలతో వేసినదాన్ని సమాచారం అనను.

నాలుగోది మన చేతిలోనే ఉంది. రాసేవాళ్ళం, మాట్లాడేవాళ్ళం, దీన్ని "పురుగుల విషం" అని పిలవడం మొదలుపెడదాం. మాట మారితే మనిషి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో కట్టెపుల్ల వెతుక్కుంటాడు.

ఈ జాలంలో రాసే మిత్రులలో చాలామంది పల్లెల నుంచి వెళ్ళి పట్నాలలో, పరదేశాలలో ఉన్నవారు. ఊళ్ళో నాన్నగారో, బాబాయిగారో, మామయ్యగారో ఇంకా సేద్యం చేస్తూనే ఉంటారు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు ధరల సంగతి, వానల సంగతి అయ్యాక రెండు ప్రశ్నలు అడగండి. మందు ఎవరు కలుపుతున్నారు? ఆ బట్టలు ఎక్కడ, ఎవరి బట్టలతో కలిపి ఉతుకుతున్నారు? జవాబు వినగానే మిగతావి మీరే చెప్పగలరు. కలిపేటప్పుడు తప్పనిసరిగా చేతితొడుగులు ఉండాలనీ, కారే ట్యాంకు బాగుచేయించందే ఎత్తవద్దనీ, గాలికి ఎదురు నడవవద్దనీ, ఒంటిమీద పడితే కిరోసిన్‌తో తుడవకుండా సబ్బునీళ్ళతో కడగాలనీ, కళ్ళు మసకబారితే మజ్జిగతో సరిపెట్టుకోక సీసాతో సహా ఆసుపత్రికి వెళ్ళాలనీ. వారేమన్నారో వీలైతే వ్యాఖ్యలలో తెలియజేయండి. మీ ఊళ్ళో ఈ పని ఇంకో విధంగా, మేలైన విధంగా జరుగుతుంటే అది మరీ మరీ రాయండి. మావాళ్ళకు చదివి వినిపిస్తాను.

స్వస్తి.